ఎనిమిది కాళ్ళ వంక

మా ఫ్యాక్టరీలో నేను మీటర్ల మనిషిని. గొట్టంలో ఒత్తిడి ఎంత, తొట్టిలో మట్టం ఎంత అని చూపించే ముళ్ళు నిజం చెబుతున్నాయో లేదో చూసుకోవడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ముల్లు వణికితే మాకు నచ్చదు. వణికే ముల్లుని చూసి కంట్రోల్ రూములో వాళ్ళు కంగారుపడతారు, కంగారులో తప్పు మీట నొక్కుతారు. అందుకని ఒక కెపాసిటర్ పెట్టి ఆ వణుకుని అణిచేస్తాం. ఇంట్లో కూడా నేను అదే పని చేస్తానని నా భార్య అనేది. అప్పట్లో దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

నాలుగేళ్ళ కిందట ఆమెకి బరంపురం బడికి బదిలీ అయింది. ఒడిశాలో మా ఊరు గంజాం నుంచి బరంపురం బస్సులో గంట పైచిలుకు. ఆమె రోజూ వెళ్ళి రావచ్చు, లేదా నేనే అక్కణ్ణుంచి డ్యూటీకి రావచ్చు. అక్కడే ఇల్లు అద్దెకి తీసుకుంటానంది. "మీరేటంటారు?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాను. సామాను వ్యానులోకి ఎక్కాక గానీ నాకు తట్టలేదు, ఆమె అడిగింది నా ఇష్టం అని. ఎవరైనా అడిగితే మా అమ్మాయి చదువు కోసం అని చెప్పాను. కొట్టుకుని విడిపోయినవాళ్ళకైనా తిట్టుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. మా మధ్య అదీ లేదు.

అమ్మాయి మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేది. తర్వాత రెండు వారాలకోసారి. ఆ తర్వాత పండక్కో పబ్బానికో. వచ్చినా తను ఫోను చూసుకునేది, నేను టీవీ చూసేవాణ్ణి. తిన్నావా అంటే తిన్నానంటుంది. చదువుతున్నావా అంటే చదువుతున్నానంటుంది. అక్కడితో నా దగ్గరున్న ప్రశ్నలు అయిపోయేవి. సాయంత్రం బస్సెక్కించి వచ్చి తాళం తీస్తుంటే, నా ఇంట్లోకి నేనే చుట్టంలా వెళుతున్నట్టు ఉండేది.

ప్లస్ టూలో చేరాక తనకి గిటారు పిచ్చి పట్టింది. ఎవరో వాడి వదిలేసిన ఎలక్ట్రిక్ గిటారు వాళ్ళమ్మ కొనిపెట్టింది. ఒక ఆదివారం దాన్ని మోసుకుని వచ్చి పెడల్ కావాలంది. నాకు పెడల్ అంటే సైకిల్‌ది తప్ప తెలియదు. గిటారుకీ యాంప్లిఫైయర్‌కీ మధ్య నేల మీద పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బా అట. నొక్కితే తీగ గొంతు గరగరలాడుతుందట. ఫోన్లో దాని లోపలి బొమ్మ చూపించింది. మధ్యలో ఆప్ ఆంప్ ఉంది. చిన్న సంకేతాన్ని పెద్దది చేసే ఎనిమిది కాళ్ళ చిప్. మా ప్యానెళ్ళలో నేను రోజూ చూసే మొహమే.

"ఇదా? నేను సేసిచ్చెత్తాను" అన్నాను.

"నువ్వా?" అంది. నవ్వింది. నన్ను చూసి తను అలా నవ్వి చాలా కాలమైంది.

మొదటి పెడల్ని నేను ఫ్యాక్టరీ పద్ధతిలో చేశాను. చిప్‌ల పట్టికలు ముందేసుకుని, మిల్లీవోల్టులో పదో వంతు కూడా తప్పని ఓపీ 07 అనే చిప్‌ని ఎంచి పోస్టులో తెప్పించాను. బొమ్మలో చివర రెండు డయోడ్లు ఎదురుబొదురుగా ఉన్నాయి. అవి కాపలాకి పెట్టారనుకుని, ఇంట్లో వాయించుకునేదానికి కాపలా ఎందుకని తీసేశాను. అలల తలలు తెగుతున్నాయని లెక్కలో తేలితే పెంపు తగ్గించాను. సన్నగా రొద వస్తుంటే కెపాసిటర్ పెట్టి అణిచాను. ఎప్పుడూ లేనంత శుభ్రమైన పని చేశాననిపించింది.

అమ్మాయి నొక్కింది. వాయించింది. మళ్ళీ నొక్కింది.

"నాన్నా, ఇది ఆన్‌లోనే ఉన్నాదా?"

"లైటు ఎలుగుతోంది కదమ్మా."

"మరి ఏటీ అవడం లేదే."

లోపలికి ఏది వెళ్ళిందో అదే బయటికి రావాలని, ఏమీ అవకపోవడమే మా పనిలో గొప్ప అని చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం గర్వంగానే ఉంది. తను పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నా, సెడగొట్టడానికే దీన్ని కొంటారు" అంది. నేను కాపలావాళ్ళనుకుని పంపేసిన ఆ రెండు డయోడ్లే అలల తలలు నరికి ఆ గరగర పుట్టిస్తాయట. ఆ పూట నెత్తళ్ళ ఇగురుతో అన్నం తింటూ కూడా మధ్యమధ్యలో నవ్వుతూనే ఉంది. నాకు పొలమారేంత సంతోషం వేసింది.

రెండో పెడల్‌కి, రెండు ఆప్ ఆంప్‌లు ఒకే ఒంట్లో ఉండే జంట చిప్ కావాలి. కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. ఒంటి చిప్‌కీ ఎనిమిది కాళ్ళే, జంట చిప్‌కీ ఎనిమిది కాళ్ళే. పైకి కవల పిల్లలు. ఒంటిదానికి మాట ఆరో కాలి నుంచి వస్తుంది, జంటదానికి ఒకటి, ఏడు కాళ్ళ నుంచి. జంట చిప్ ఉండాల్సిన చోట 741 లాంటి ఒంటిదాన్ని గుచ్చి, పలకడం లేదని చిప్‌ని తిట్టేవాళ్ళు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఆ తిట్లన్నీ చదివి, బరంపురం బడా బజారు పక్క సందులో ఉన్న విడిభాగాల కొట్టుకి వెళ్ళాను.

కొట్టు పెద్దాయన థర్మోకోల్ ముక్కకి గుచ్చిన చిప్‌లు ముందు పెట్టాడు. "4558 పట్టుకెల్లు బాబూ. పాటల డబ్బాల్లో బేసు బోర్డులకి అదే ఎక్కించి ఎక్కించి నా సేతులరిగిపోనాయి."

"గిటారుకి బాగుంటాదా?"

"గిటారు సంగతి నాకు తెలీదు. పాటకి పనికొచ్చింది గిటారుకి పనికిరాదేటి?"

ఆయన తర్కం నాకు నచ్చింది. అయినా నాలుగు రకాలు కొన్నాను: 4558, టీఎల్ 072, 5532, ఎల్‌ఎం 358. నాలుగూ ఎందుకని అడిగాడు. విని చూసి ఒకటి ఉంచుతానని చెప్పాను. అప్పటికి అది నిజమే.

చిప్‌ని మార్చి మార్చి వినాలంటే దాన్ని నేరుగా బోర్డుకి అతికించకూడదు. ముందు ఒక సాకెట్ అతికించి, అందులో చిప్ గుచ్చాలి. పుస్తకాలన్నీ కొత్తవాళ్ళకి ఇచ్చే సలహా అదే. కానీ మా ఊళ్ళో ఎవరూ సాకెట్ పెట్టరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పు మళ్ళు. సాకెట్ రేకుల సందుల్లోకి ఉప్పుగాలి దూరి, నాలుగు నెలలు తిరక్కుండా పచ్చగా కిలుము పడుతుంది. బయటి నుంచి కొత్త బోర్డు ఏది వచ్చినా, మేం మొట్టమొదట దాని సాకెట్లు ఊడబెరికి, చిప్‌లు నేరుగా సోల్డర్ చేసి, పైన వార్నిష్ పూస్తాం. ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే. నా కూతురి పెడల్‌కి మాత్రం సాకెట్ పెట్టాను.

ఎందుకని అడిగితే దానికి వివరణ ఉంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడిక్కూడా వివరణ ఉంటుంది. నా వివరణ ఇది: ఏ చిప్ పెట్టామో తెలిస్తే చెవి అబద్ధం ఆడుతుంది. మీటర్ల వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పై అధికారికి ఏ అంకె కావాలో తెలిస్తే కిందివాడి కంటికి ఆ అంకే కనిపిస్తుంది. అందుకని చిప్ మార్చేవాళ్ళు ఒకరు, అటు తిరిగి వాయిస్తూ వినేవాళ్ళు ఒకరు ఉండాలి. "ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదమ్మా" అని ఫోన్లో చెప్పాను.

"హౌ" అంది, ఒడియాలో సరేనని. "ఆదివారం ఒచ్చెత్తాను."

అలా ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. తను గిటారు పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. నేను వెనక బల్ల దగ్గర. కరెంటు ఆపి, సన్న స్క్రూడ్రైవర్‌తో చిప్‌ని లేపి, ఇంకొకటి గుచ్చి, మళ్ళీ కరెంటు ఇచ్చి "ఊఁ" అనేవాణ్ణి. తను ప్రతిసారీ అదే నాలుగు స్వరాలు వాయించి నోటుబుక్కులో రాసేది. సాయంత్రం ఆ రాతలు చదివి వినిపించేది. ఒకదానికి, నోట్లో కిళ్ళీ పెట్టుకుని మాట్లాడినట్టుంది అని. ఇంకొకదానికి, అమ్మ పొద్దున్నే లేపినట్టుంది అని. తన చెవి గట్టిదే. ఎల్‌ఎం 358 పెట్టిన ప్రతిసారీ, మోత సన్నగిల్లేటప్పుడు చివర్లో పీచు తగులుతోందని పట్టేసింది. ఆ చిప్ నెమ్మదిగా మారే మీటర్లకి బాగుంటుంది, పాటకి కాదు. దాన్ని తీసేశాం. 5532 శుభ్రంగానే పలికింది గానీ బ్యాటరీని తెగ తాగేసింది. దాన్నీ తీసేశాం.

4558, టీఎల్ 072 మిగిలాయి. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి, అలల్ని తెర మీద గీసి చూపించే నా పాత స్కోపులో ఆ రెంటి అలలూ ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. ఒకే గీతలా ఉన్నాయి. టీఎల్ 072 గిటారు మీద బరువు తక్కువ వేస్తుందని పుస్తకాల్లో ఉంది, నిజమే. కానీ ఈ పెడల్లో చిప్ కన్నా ముందే ఒక ట్రాన్సిస్టర్ ఆ బరువు మోస్తోంది. గరగర పుట్టించేది డయోడ్లు. కాబట్టి కొత్తగా పెడల్ చేసేవాళ్ళు ఎవరైనా నన్నడిగితే ఒకటే చెబుతాను: ఈ రెంటిలో కొట్లో ఏది ఉంటే అది కొనుక్కోండి, మిగతా వాదాలు పనిలేనివాళ్ళవి. ఈ జవాబు నాకు మూడో ఆదివారానికే తెలుసు.

చెప్పలేదు. చెబితే పని అయిపోతుంది.

ఇంకో కొట్లో ఇంకో రకం దొరికిందన్నాను. వేరే బ్యాచ్ 4558 వేరేగా ఉంటుందట అన్నాను. బ్యాటరీ కొత్తదైతే ఒకలా, వాడిందైతే ఒకలా వినాలన్నాను. తను సరే నాన్నా అని వచ్చేది. వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలో, పచ్చడి సీసానో తెచ్చేది. పచ్చడి ఎవరు పంపారో నేను అడగలేదు, తను చెప్పలేదు. ఆ రుచి నాకు తెలుసు.

వానాకాలంలో ఒక ఆదివారం కొత్త చిప్ ఏదీ దొరకలేదు. తను అటు తిరిగి కూర్చుంది. నేను కరెంటు ఆపాను. ఉన్న 4558ని ముట్టుకోకుండా కాసేపు ఊరుకుని, కరెంటు ఇచ్చి "ఊఁ" అన్నాను. అలా నాలుగుసార్లు. తను నాలుగుసార్లూ వాయించింది, నాలుగుసార్లూ రాసింది. సాయంత్రం చదివితే నాలుగు రకాల మాటలున్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు నేను కిక్కురుమనలేదు. తను మోసపోయిందని లోపల ఒక చిన్న సంతోషం. కన్నకూతుర్ని మోసం చేసి సంతోషపడ్డానన్న సిగ్గు రాత్రి పడుకునేదాకా పోలేదు.

కాలేజీ వార్షికోత్సవంలో వాయించాలి, ఇంక పెడల్ పట్టుకెళ్ళిపోతానంది. మూత బిగించేటప్పుడు ఒకసారి ఆగాను. సాకెట్ తీసేసి చిప్‌ని అతికించడం పావుగంట పని. "ముందు ముందు మార్చాలనిపిస్తే?" అని నాకు నేనే చెప్పుకుని, మూత బిగించేశాను.

మధ్యాహ్నం కార్యక్రమం. హాలు నిండా పిల్లలు. నేను వెనక వరసలో కూర్చున్నాను. మూడు వరసల ముందు నా భార్య. వచ్చేటప్పుడు "తిన్నారా?" అంది, "తిన్నాను" అన్నాను. ఒడియాలో అమ్మాయి పేరు పిలిచారు. తను వేదిక మీదికి వచ్చి కాలితో పెడల్ నొక్కింది. గరగరమని పట్టుమని పది స్వరాలు పలికిందో లేదో, టపటపా చప్పుళ్ళు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. తను వేళ్ళు ఆడిస్తూనే ఉంది. ముందు వరసల్లో ఎవరో ఈల వేశారు. తను వంగి, పెడల్ నుంచి వైరు పీకి గిటారుని నేరుగా యాంప్లిఫైయర్‌కి కలిపి, చప్పగా ఉన్న గొంతుతోనే మొత్తం వాయించింది. చప్పట్లు కొట్టారు. జాలి చప్పట్లు ఎలా ఉంటాయో తెలియనంత చిన్నపిల్ల కాదు. నా భార్య వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

తర్వాతి ఆదివారం అమ్మాయి పెడల్‌ని సంచిలో వేసుకుని వచ్చింది. మూత విప్పాను. చూడక్కర్లేదు, తెలుసు. చిప్ లేపితే సాకెట్ రేకులు పచ్చగా ఉన్నాయి.

"ఇది నా తప్పమ్మా" అన్నాను. "ఈ ఊర్లో సాకెట్ ఎట్టకూడదు. తెలిసే ఎట్టేను."

తను వంగి ఆ పచ్చటి రేకుల్ని గోటితో గీకింది.

"ఇంకోటి కూడా ఉంది. వానల్లో ఒక ఆదివారం నేను చిప్ మార్చలేదు. నాలుగుసార్లూ ఒకటే."

"తెలుసు నాన్నా. చిప్ ఊడదీసినప్పుడు టక్కుమంటాది. ఆ రోజు అనలేదు."

"మరి నాలుగూ నాలుగు రకాలుగా రాసీసేవేటి?"

"నువ్వు సెప్తావేమోనని సూసేను."

"ఏటి సెప్పాలి?" అన్నాను.

ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చిన వెంటనే తను మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏం చెప్పాలో నాకు తెలియక అడగలేదు. తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. ఎన్నో ఏళ్ళ అలవాటు ఒకటి అక్కడే అడ్డం పడుకుంది. చివరికి తనే అంది: "సాకెట్ తీసీసి సోల్డర్ సేసీయి నాన్నా."

"ఏ చిప్ ఎట్టమంటావు?"

"ఏదో ఒకటి."

చేతికి 4558 తగిలింది. అతికించాను, వార్నిష్ పూశాను, ఆరనిచ్చాను. పెడల్ బ్రహ్మాండంగా పలికింది. తను అయిదింటి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ పై ఆదివారం రాలేదు. ఆ పైది కూడా. పని అయిపోయింది, ఎందుకొస్తుంది? బల్ల మీద మిగిలిన చిప్‌లు థర్మోకోల్ ముక్కకి గుచ్చుకుని ఉండేవి. వండుకున్న కూర రెండు పూటలు సరిపోయేది, ఒక్కోసారి మూడు. ఈ ఒంటరితనం నాకు ఎవరూ పెట్టింది కాదు, నా చేత్తో నేను శుభ్రంగా కట్టుకున్నదే. అది ఒప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మూడో శనివారం సాయంత్రం ఫోను చేద్దామని కూర్చున్నాను. వైరు పాతబడింది, మారుద్దాం రా అనవచ్చు. కొత్త అడాప్టర్ కొన్నాను, చూద్దువుగాని రా అనవచ్చు. రెండూ పెదాల దాకా వచ్చాయి. రెండూ కాదని నంబరు నొక్కాను. ఎత్తింది అమ్మాయి కాదు, వాళ్ళమ్మ.

"అది ఫోను ఇంట్లో ఎట్టీసి బజారుకెల్లింది. ఏటి పని?" అంది.

"పనేటీ లేదు" అన్నాను. ఆగిపోదామనుకున్నాను. ఆగలేదు. "రేపు ఊరికే రమ్మని సెప్పు. సూడాలనుంది. ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతన్నాను."

అటు నుంచి వంటింట్లో కుక్కరు కూత వినబడింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఈ మాట మీకు ఒచ్చని నాకు తెలీదు" అంది. "దానికి సెప్తాను" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న నేను బస్సు కన్నా అరగంట ముందే వెళ్ళి నిలబడ్డాను. బస్సు ఆగింది. చేపల గంపలవాళ్ళు దిగారు, వాళ్ళ వెనక అమ్మాయి దిగింది. గిటారు తేలేదు. నేను తన భుజం మీదుగా బస్సు మెట్ల వైపే చూస్తూ ఉన్నాను. కండక్టర్ తలుపు వేశాడు. బస్సు కదిలింది. అది వంతెన వైపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను.

"పద నాన్నా" అంది అమ్మాయి. "నేనొక్కదాన్నే ఒచ్చేను."